అనురాధగారి పిన్ని

హైమావతి అనురాధకు పిన్ని కాదు. ఏ వరసనా చుట్టం కాదు. తెనాలి బస్టాండు వెనక పాతికేళ్ళు మెస్ నడిపిన మనిషి. భర్త పోయి, మెస్ ఉన్న స్థలం చేతులు మారాక, ఎవరో దారి చూపిస్తే విజిటర్ వీసా మీద న్యూజెర్సీలోని ఐసెలిన్‌కి, అనురాధ ఇంట్లో వంటపనికి వచ్చింది. ఆ వీసా ఆరు నెలలకు. ఆమె వచ్చి నాలుగేళ్ళయింది.

దిగిన రోజే అనురాధ ఆమెను వాటేసుకుని, ఎవరైనా అడిగితే మా పిన్ని అని చెప్తాను, నువ్వూ అలాగే చెప్పు అంది. హైమకు కళ్ళు చెమర్చాయి. అదే ఆమె చేసిన తప్పు. మనవాళ్ళతో వచ్చిన చిక్కే అది, ఎవరైనా వరస కలిపితే చాలు కరిగిపోతాం. బస్సులో పక్కసీటావిడ వదినా అంటే టిఫిన్ డబ్బా మూత తీసి చేతిలో పెట్టేస్తాం. వరస కలిశాక సెలవు అడగడం మర్యాద కాదు, జీతం అన్న మాట ఎత్తడం మర్యాద కాదు. పూజగదిలో లక్ష్మీదేవి పటం వెనక భద్రంగా దాచిన పాస్‌పోర్టు అడగడం అసలే మర్యాద కాదు. పండక్కి చీర పెట్టి, బొట్టు పెట్టి, వంగి కాళ్ళకు దండం పెట్టే మనిషిని ఏమని నిలదీస్తారు? ఈ కిటుకు ఎవరు కనిపెట్టారో గాని వాళ్ళ తెలివి తగలెయ్య.

అనురాధ ఇంటి గరాజ్‌లో కార్లు ఉండవు. రెండు గ్యాస్ పొయ్యిలు, ఒక గ్రైండరు, మనిషి కూర్చుంటే మునిగేంత గిన్నెలు ఉంటాయి. గృహప్రవేశాలకూ సీమంతాలకూ తెలుగు అసోసియేషన్ వాళ్ళ పండగలకూ వంటలు అక్కణ్ణించే వెళ్తాయి. లైసెన్సు లేదు. అందుకని షట్టరు ఎప్పుడూ దించే ఉంటుంది. ఆ పొగలో పనిచేసేది ఇద్దరు, హైమ ఒకతె, మమదు ఒకడు.

మమదుది ఆఫ్రికాలోని గినీ దేశం. నలభై దాటినవాడు. అక్కడ దర్జీ. సముద్రం దాటి, అడవులు దాటి, కాలినడకన సరిహద్దు చేరి ఇక్కడ ఆశ్రయం కోసం కేసు వేసుకున్నాడు. పని చేసుకోవడానికి కాగితం ఇంకా రాలేదు. అతనికి వరసలూ లేవు, పేరూ లేదు. అనురాధ అతన్ని 'ఆ మనిషి' అనేది. అతను హైమను 'మామా' అని పిలిచేవాడు. ఆడదాన్ని పట్టుకుని మామ ఏమిట్రా అని మొదట నవ్వింది. వాళ్ళ వైపు అమ్మను అలా అంటారని తెలిశాక నవ్వడం మానేసింది. ఇద్దరికీ కలిపి ఇరవై ఇంగ్లీషు ముక్కలు వస్తే ఎక్కువ. అయినా ఆమె జాకెట్టు భుజం దగ్గర చిరిగితే, అడక్కుండానే తీసుకుని కుట్టు కనపడకుండా కుట్టి ఇచ్చాడు. తెనాలిలో అలా కుట్టేవాణ్ణి ఆమె చూడలేదు.

అనురాధ భర్త లక్ష్మీపతిగారు గుండె డాక్టరు. ముప్పై అయిదేళ్ళు ప్రాక్టీసు చేసి రిటైరయ్యారు. పేరున్న మనిషి, చెడ్డమాట నోట రానివాడు. ఆ మధ్య ఆయనకు ఒక జర్మన్ పోలీసు సీరియల్ పట్టుకుంది. భోంచేసి సోఫాలో కూర్చుని, కింద పడే ఇంగ్లీషు అక్షరాలు చదువుతూ భార్యకు తెలుగులో చెప్పేవారు. హైమ చాప మీద కూర్చుని చిక్కుళ్ళు ఒలుస్తూ వినేది.

ఒక శుక్రవారం చూసిన కథ ఇది. జర్మనీలో ఒక ఊరి బయట మాంసం ఫ్యాక్టరీ. అందులో కాగితాల్లేని ఆఫ్రికావాళ్ళు ముప్పైమంది. ఒకతని చెయ్యి మెషీన్లో పడుతుంది. ఆసుపత్రికి తీసుకెళ్తే గుట్టు బయటపడుతుందని ఓనరు అతన్ని వ్యాన్లో పడుకోబెట్టి తలుపేస్తాడు. తెల్లారి శవం కాలవలో దొరుకుతుంది. ఇన్‌స్పెక్టరమ్మ ఒక్కొక్కరినీ నిలబెట్టి, నువ్వెందుకు ఫోన్ చెయ్యలేదని అడుగుతుంది. లక్ష్మీపతిగారు కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. "చూశావా అనూ, మనిషి ప్రాణానికి వాల్యూ లేదు. అంతమందిలో ఒక్కరు, ఒక్కరంటే ఒక్కరు ఫోన్ చేసుంటే బతికేవాడు," అన్నారు. గోడకు అవతల మమదు గిన్నెలు తోముతున్న చప్పుడు వినిపిస్తూనే ఉంది. గురివింద గింజ తన నలుపెరగదని ఊరికే అనలేదు పెద్దలు.

మర్నాడు శనివారం. దసరా ముందు పెద్ద ఆర్డరు, మూడు వందల మందికి గారెలు. పొగ భరించలేక హైమే షట్టరు సగం ఎత్తించి, పొయ్యి గుమ్మం దగ్గరికి జరిపించింది. పదకొండు గంటలకు అనురాధ పరుగున వచ్చింది. వీధి చివర టౌన్‌షిప్ వాళ్ళ కారు, అంటే మునిసిపాలిటీ కారు, ఆగింది, షట్టరు దించాలి, మూకుడు లోపలికి లాగెయ్యమంది. నూనె మరుగుతోంది, చల్లారనివ్వమ్మా అని హైమ చెప్తూనే ఉంది. చల్లారేదాకా వాళ్ళు ఆగుతారా అని అనురాధ మమదుకు చేత్తో సైగ చేసింది. అతను రెండు గుడ్డలు చేతికి చుట్టుకుని మూకుడు ఎత్తాడు. రెండడుగులు వేశాడు. మూడో అడుగు పిండి నీళ్ళ మీద పడింది.

ఆ కారు వచ్చింది విరిగిపడిన చెట్టుకొమ్మ తీయించడానికని తర్వాత తెలిసింది.

హైమ గొట్టం పట్టి చల్లటి నీళ్ళు అతని మీద వదిలింది. చొక్కా కత్తిరించింది. ఛాతీ నుంచి తొడ దాకా తోలు ముడుచుకుపోయింది. లక్ష్మీపతిగారు వచ్చి చూశారు. ఆయన మొహంలో ఒక్క క్షణం రంగు పోయింది. ఆయనకు తెలుసు. తెలియని మనిషైతే ఈ కథ చెప్పనక్కర్లేదు, పోనీ పాపం అని వదిలేద్దును. ఆయన డాక్టరు, ఆయనకు తెలుసు. తెలిసే లోపలికి వెళ్ళి క్రీము ట్యూబూ, రెండు నొప్పి మాత్రలూ తెచ్చారు. ఆసుపత్రికి తీసుకెళ్తే ఎక్కడ కాలిందని అడుగుతారు, అడిగితే ఇల్లు చెప్పాలి, అతనికీ మంచిది కాదు, అతని కేసు పాడవుతుంది అన్నారు. అంతా అతని మంచికే.

అరగంటకు మమదుకు వణుకు మొదలైంది. ఆ వేడి గరాజ్‌లో పళ్ళు టకటకలాడుతున్నాయి. హైమకు ఆ వణుకు తెలుసు. మెస్‌లో దోసెల మాస్టరు మీద మరుగుతున్న సాంబారు పడినప్పుడు, సాయంత్రం దాకా కబుర్లు చెప్పినవాడు ఇలాగే వణికాడు. ఆటోలో వేసుకుని గుంటూరు పెద్దాసుపత్రికి తీసుకెళ్తే, ఇంకో గంట ఆగితే మనిషి దక్కేవాడు కాదన్నారు. ఆ మాటే అనురాధతో అంది. అనురాధ వినలేదు. అతని చేతిలో వెయ్యి డాలర్లు పెట్టి రేపు వాళ్ళవాళ్ళ దగ్గర దింపేద్దాం అంది.

హైమకు ఒళ్ళు తెలియనంత కోపం వచ్చింది. అనురాధ మీదా, ఆ డాక్టరు మీదా, అంతకు రెండింతలు తన మీదా. నాలుగేళ్ళు పిన్నీ అంటే పొంగిపోయిన తన వెర్రి మీద. ఫోన్ చేస్తే ఏమవుతుందో ఆమెకు తెలియక కాదు. పోలీసులు వస్తారు, కాగితాలు అడుగుతారు, రాత్రికి ఎక్కడ పడుకుంటుందో కూడా తెలియదు. వంటింట్లోకి వెళ్ళింది. ఫ్రిజ్ మీద అనురాధ మనవరాలు రియా స్కూలు నుంచి తెచ్చి అంటించిన ఎర్ర స్టిక్కరు ఉంది, ఆపదలో పిలవాల్సిన నంబరు, తొమ్మిది ఒకటి ఒకటి. ఆ నంబరు నొక్కి, కాలింది, మనిషి, రండి అని తెలిసిన ముక్కలన్నీ చెప్పి, కరెంటు బిల్లు మీది అడ్రసు ఒక్కో అక్షరం చదివింది.

అనురాధ గుమ్మంలో నిలబడి అంతా వింది. "తిన్నింటి వాసాలు లెక్కపెట్టావు కదా పిన్నీ," అంది. ఈ ఇంట్లో తిన్న ప్రతి ముద్దా తను వండిందేనని హైమకు నోటిదాకా వచ్చింది, మింగేసింది. లక్ష్మీపతిగారు మాత్రం నిజంగానే అర్థం కానట్టు చూశారు.

"ఎందుకు చేశావు హైమా? నన్ను అడగొచ్చు కదా."

"మీరే అన్నారు కదండీ డాక్టరుగారూ. ఒక్కరు ఫోన్ చేసుంటే బతికేవాడని."

అంబులెన్సు పన్నెండు నిమిషాల్లో వచ్చింది. దాని వెనకే పోలీసు కారు. మమదును చక్రాల బల్ల మీదికి ఎక్కిస్తుంటే అతను హైమ చీర కొంగు పట్టుకుని వదల్లేదు. ఆమే వేళ్ళు విప్పి, ఆ చేతిని అతని పక్కన పెట్టింది. అనురాధ అప్పటికే కొంగు సర్దుకుని, చిరునవ్వు తెచ్చుకుని ఆఫీసరుతో చక్కటి ఇంగ్లీషులో మాట్లాడుతోంది. ఇంట్లో పూజ ఉంది, మా ఆంటీ ఇండియా నుంచి చూడ్డానికి వచ్చింది, ఆవిడే సరదాగా వండుతోంది, కాలినతను మా ఫ్రెండు, సాయం చేద్దామని వచ్చాడు.

ఆఫీసరు హైమ వైపు తిరిగి, మీరు ఈవిడ ఆంటీయేనా అని అడిగాడు. అనురాధ ఆమె చెయ్యి పట్టుకుంది. అవునంటే చాలు, పడుకోవడానికి మంచం ఉంటుంది, దసరాకి కొత్త చీర ఉంటుంది.

హైమ ఆ చెయ్యి విడిపించుకుంది.

"నో ఆంటీ. కుక్. ఫోర్ ఇయర్స్. హీ ఆల్సో వర్క్ హియర్. మై పాస్‌పోర్ట్ దేర్," అని పూజగది వైపు చూపించింది.

అతను చిన్న పుస్తకం తీసి పేరు అడిగాడు. ఈ నాలుగేళ్ళలో ఆమెను ఎవరూ అడగని ప్రశ్న అది.

"తాడిబోయిన హైమావతి," అని ఇంటిపేరుతో సహా చెప్పింది. అతనికి అందకపోతే, రాసుకునేదాకా నిలబడి మళ్ళీ చెప్పింది.