తాడు చివర బంపరు

నవ్వాలనుకున్నవాళ్ళు ముందు టీ గ్లాసు కింద పెట్టండి. తర్వాత నవ్వండి. మొన్న ఆదివారం ట్రాక్టర్ వెనక తాడు కట్టి, ఆ తాడు చివర ఒక్క బంపరును ఈడ్చుకుంటూ, దారిలో కనబడిన ప్రతివాడికీ చెయ్యి ఊపుకుంటూ మైపాడు దాకా పోయిన మహానుభావుడి వీడియో మీ ఫోన్లకు కూడా వచ్చే ఉంటుంది. అది నేనే. దాచేదేముంది, చొక్కా చూస్తేనే తెలిసిపోతుంది! అయితే ఆ వీడియోలో లేని సంగతి ఒకటుంది. అది చెప్తా వినండి.

మా అన్న శామ్యేలు సర్వీసంతా బస్సు డ్రైవరు. నెల్లూరు నుంచి విడవలూరు, విడవలూరు నుంచి నెల్లూరు. పండగ లేదు, పబ్బం లేదు. రిటైరైన రోజు డిపోలో దండలేసి, శాలువా కప్పి పంపించారు. ఇంటికొచ్చి దండ తీసి నా చేతికిచ్చి ఒకటే మాట అన్నాడు.

"ఒరే దావీదూ, ఇన్నేళ్ళూ బస్సు నిండా జనాన్ని ఎక్కించుకోని తిరిగినా. రైట్ అంటే కదిలినా, హోల్డాన్ అంటే ఆపినా. ఇంక ఇద్దరే పట్టే కారు ఒకటి నడపాల. వెనక సీటే ఉండకూడదు."

కుర్రతనంలో మైపాడు బీచిలో ఎవరో అట్లాంటి కారులో వచ్చారట. టాపు తీసేసి, గాలికి జుట్టు ఎగురుతుంటే పోతున్నారట. అది చూసినప్పటి నుంచీ మనసులో పెట్టుకున్నాడు. వదిన పోయాక మా ఇంటికే వచ్చేశాడు కాబట్టి ఆ కోరిక రోజూ నా చెవిలోనే పడేది. సరే, చూద్దాంలే, చూద్దాంలే అంటూ ఉండగానే షుగరు ఆయన కళ్ళ మీదికి వచ్చింది. కంటి డాక్టరు దాపరికం లేకుండా చెప్పేశాడు. పగటిపూట, మెల్లగా, ఇంకొన్నాళ్ళు నడపొచ్చు. ఆ తర్వాత సంగతి నేను చెప్పలేను అన్నాడు.

అంటే మాకు టైము లేదు. ఆ ముక్క డాక్టరు నాకు కూడా చెప్పాడు, నేను కూడా తలూపాను. అది గుర్తుపెట్టుకోండి, లేకపోతే నేను చేసిన పని విలువ మీకు తెలీదు.

రెండు కార్లు దొరికాయి. మొదటిది నెల్లూరులో. ఒక రిటైర్డ్ ఇంజనీరు గారు ఏళ్ళ తరబడి దగ్గరుండి బాగుచేయించుకున్న పాతకాలం స్పోర్ట్స్ కారు. ఎర్రటి ఎరుపు. రెండే సీట్లు. టాపు బట్టది, మడిచి వెనక్కి తోసెయ్యొచ్చు. తాళం తిప్పగానే స్టార్టయింది. మా అన్న చెప్పులు విడిచి దాని చుట్టూ తిరిగాడు. చెప్పులు ఎందుకు విడిచావన్నా అంటే ఇంకో రౌండు తిరిగాడు.

ఇంజనీరు గారికి అది చూసి ముచ్చటేసింది. "అంత ఇష్టంగా ఉంటే ఒక రౌండేసి రండి శామ్యేలు గారూ" అని తాళం అన్న చేతిలో పెట్టబోయాడు.

ఇదిగో, ఇక్కడ నా రొయ్యల బుద్ధి అడ్డమొచ్చింది. మనకు రొయ్యలు కొనడానికి ఏజెంటు వస్తాడు కదా. గుంట గట్టు మీద నిలబడి, వలలోంచి ఒక రొయ్యను తీసి, అది ఎంత బంగారంలాంటి రొయ్యైనా సరే, ఆముదం తాగినట్టు ముఖం పెడతాడు. ఇష్టం చూపించాడంటే రేటు పెంచాలి మరి! ఇన్నేళ్ళుగా ఆ ముఖం చూసీ చూసీ నాకూ పట్టుబడిపోయింది. ఏది కొనబోయినా ఆ ముఖం దానంతటదే వచ్చేస్తుంది. మా పెళ్ళిచూపుల్లో కూడా వచ్చిందని మా ఆవిడ సుగుణ ఇప్పటికీ దెప్పుతుంది.

"ఇప్పుడెందుకులే సార్, ముందు మాట్లాడుకోనీండి" అని ఆ ముఖమే పెట్టాను. అన్నను పక్కకు లాగి, "ఇష్టం చూపించినావంటే మనం అయిపోయినాం అన్నా" అని చెవిలో ఊదాను. అన్న చాచిన చెయ్యి వెనక్కి తీసుకుని జేబులో పెట్టుకున్నాడు. పైగా నేను కారు మీద వేలితో తట్టి, "పుట్టీ పెట్టి పైన పెయింట్ కొట్టినట్టుంది సార్" అన్నాను. ఆయన ముఖం మాడిపోయింది. ఆ పూటకు అంతే.

రెండోది బుచ్చిరెడ్డిపాలెంలో, మూతపడిన రైసుమిల్లు గోడౌనులో. అదే జాతి కారు. కాకపోతే సగం ఊకలో కూరుకుపోయి ఉంది. డ్రైవరు సీటులో కోడి గుడ్లు పొదుగుతూ ఉంది. ఇంజను ఏదయ్యా అంటే, "అన్నీ ఉండాయి సార్, ఒక్క నట్టు కూడా పోలా" అని మిల్లువాళ్ళు గోతాలు చూపించారు. వడ్లు కట్టినట్టు పార్టులన్నీ గోతాల్లో కట్టి పెట్టారు.

అది చూడగానే నా ప్రాణం లేచొచ్చింది. నాకేం తక్కువ? మా రొయ్యల గుంటల్లో నీళ్ళు చిలికే ఏరేటర్లన్నీ నేనే విప్పుతా, నేనే బిగిస్తా. పక్కోళ్ళ మోటార్లు కూడా నా దగ్గరికే వస్తాయి. ఎవడో బాగుచేసిన కారు మనకెందుకు? మనమే చేసుకుంటే దాని మజాయే వేరు. అన్నా తమ్ముడూ కలిసి చేసుకున్న కారు!

"నీకేమనిపిస్తా ఉంది అన్నా?" అని అడిగాను.

"నీ ఇష్టం రా. నువ్వు చేస్తానంటే ఇదే తీసుకుందాం" అన్నాడు.

ఇంటికొచ్చాక సుగుణ మాత్రం ఊరుకోలేదు. "ఏమయ్యా, బావగారికి కావాల్సింది కారు. నీకు కావాల్సింది పని. కొనేది ఎవురికో ముందు తేల్చుకో" అంది. ఆడవాళ్ళకు ఇంజన్ల సంగతి ఏం తెలుసులే అనుకున్నాను. ఇంజన్ల సంగతి కాదు ఆమె చెప్పింది. అది నా తలకెక్కడానికి నెలలు పట్టింది.

కారు లారీలో వచ్చి గుంట దగ్గర షెడ్డులో దిగింది. మొదట్లో భలే ఊపు! పాత పెయింటంతా గీకి పారేసి, కొత్త గిన్నెలాగా తెల్లటి ఇనుము బయటపడేదాకా రుద్దాం. అన్న పొద్దున్నే వచ్చి ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని కూర్చునేవాడు. స్టీరింగు విప్పి చేతికిస్తే దాన్ని ఒళ్ళో పెట్టుకుని గుడ్డతో తుడుస్తూ ఉండేవాడు. నేనేమో గోతాలు కుమ్మరించి పార్టులు ఏరుకుంటూ ఉన్నా. అందులో సగం కారువి కావు, ఏదో ఆయిలింజనువి. అయినా ధైర్యం పోలేదు.

అంతలో పక్క గుంటల్లో వైట్ స్పాట్ అన్నారు. రొయ్యకు తెగులొస్తే ఇంక కారేంది, కన్నబిడ్డ కూడా కనబడదు. ఉరుకులు పరుగుల మీద బ్లీచింగ్ బస్తాలు తెప్పించి, ఎక్కడ వేయించాను? షెడ్డులో. కారు పక్కన. పక్కన చోటు చాలక కొన్ని కారులోపల కూడా. పెయింటు లేని ఉత్త ఇనుము, ఉప్పుగాలి, బ్లీచింగ్ ఘాటు! మన ఊళ్ళో చిన్నపిల్లాణ్ణి అడిగినా చెప్తాడు, బ్లీచింగ్ బస్తా పక్కన సైకిలు కూడా పెట్టకూడదని. నేనూ పనివాళ్ళకు అదే చెప్తా. పోయిన సంవత్సరం ఒకణ్ణి దానికే తిట్టాను కూడా.

రొయ్యల పట్టుబడి అయిపోయి షెడ్డు తలుపు తీసేసరికి లోపల కారు తుప్పు పట్టి, పసుపూ కుంకుమా కలిపి పూసినట్టుంది. వేలు పెట్టి నొక్కాను. వేలు లోపలికి పోయింది. ఇంకోచోట నొక్కాను. అక్కడా పోయింది.

అన్నకు చెప్పలేదు. చెప్పాల్సిన పని కూడా లేకపోయింది. ఒకరోజు పొద్దున షెడ్డుకు పోతే అన్న కుర్చీ వేసుకుని, బయట పెట్టిన పాత ఏరేటరు చక్రాన్ని గుడ్డతో తుడుస్తున్నాడు. స్టీరింగు పక్కనే గట్టు మీద పడి ఉంది.

"అన్నా, అది ఏరేటరు" అన్నాను.

చెయ్యి ఒక్క క్షణం ఆగింది. "తెలుసులేరా. దీనికీ మురికి పట్టింది గదా" అని మళ్ళీ తుడవడం మొదలుపెట్టాడు. ఆ మాట అబద్ధమని ఆయనకూ తెలుసు, నాకూ తెలుసు. నేను గుంట చుట్టూ ఒక రౌండు తిరిగొచ్చి ముఖం కడుక్కున్నాను.

ఆ వారమే డాక్టరు, ఇక బండి ముట్టుకోవద్దు అని చెప్పేశాడు. ఆస్పత్రి మెట్ల మీదే నిలబడి నెల్లూరు ఇంజనీరు గారికి ఫోను చేశాను. ఏ రేటైనా సరే అందామని. "ఇచ్చేశానండీ. ఎవరో భార్యాభర్తలు వచ్చారు. ఒక రౌండు నడిపి చూసి, అక్కడికక్కడే నచ్చిందన్నారు" అన్నాడు. పాపం, దెప్పినట్టు కూడా అనలేదు.

అన్న మాత్రం నా భుజం పట్టుకుని మెట్లు దిగుతూ, "పోనీలేరా. మన కారుండాది గదా" అన్నాడు. నన్ను నాలుగు తిట్టుంటే బాగుండేది.

సరే, మన కారే. ఇంజను తిరగదు, కానీ చక్రాలు తిరుగుతాయి. బొక్కలన్నిటికీ పుట్టీ పెట్టాను. పైన ఎర్ర పెయింటు కొట్టాను. ఔను, నెల్లూరు కారుకు నేను పెట్టిన వంక అచ్చంగా నా చేతులతో నేనే చేశాను. దూరం నుంచి చూస్తే కారే! నా ప్లాను ఏమిటంటే, ట్రాక్టరుకు తాడు కట్టి నేను మెల్లగా లాగుతా, అన్న స్టీరింగు పట్టుకుని కూర్చుంటాడు, సముద్రం దాకా పోయొస్తాం. చూపు లేనివాడికి స్టీరింగు ఇచ్చి రోడ్డెక్కిస్తావా అని మీరు అడగొచ్చు. సుగుణ అడిగింది. ఆమెకూ జవాబు చెప్పలేదు, మీకూ చెప్పలేను. ఆయన ఒక్కసారైనా ఆ సీటులో కూర్చుని ముందుకు కదలాలి, అంతే నా బుర్రలో ఉండింది.

ఆదివారం ఆరాధన అయ్యాక పాస్టరు గారిని ప్రార్థన చెయ్యమన్నాం. ఆయన కారు చుట్టూ ఒకసారి తిరిగి, కింద వంగి చూసి, కారు ఊసెత్తకుండా మా ఇద్దరి ప్రాణాల కోసం గట్టిగా ప్రార్థన చేశారు. అప్పుడైనా నాకు అర్థం కావద్దా!

బయల్దేరాం. అన్న ఇస్త్రీ చొక్కా వేసుకుని, చల్లద్దాలు పెట్టుకుని, వీపు నిటారుగా పెట్టి కూర్చున్నాడు. మొదట్లో అంతా బాగానే ఉంది. కాలవ మీద వంతెన ఎక్కాం, దిగుతున్నాం. ఇంక చదునైన రోడ్డే కదా అని నేను కొంచెం స్పీడు పెంచాను. వెనక ఏదో గుంజినట్టయింది. ట్రాక్టరు ఒక్కసారిగా తేలికయింది. ఆహా, మన కారు ఎంత సులువుగా వస్తోందో అనుకున్నా!

జనం రోడ్డు మీదికొచ్చి చేతులూపుతూ అరుస్తున్నారు. ట్రాక్టరు మోతలో ఏమీ వినబడదు. అన్నకు జేజేలు కొడుతున్నారనుకుని నేనూ చెయ్యి ఊపాను. ఒకడు పక్కన పరుగెత్తుకుంటూ వచ్చాడు. సెల్ఫీ కోసమనుకుని ట్రాక్టరు మీద నుంచే నవ్వుతూ పోజిచ్చాను. వెనక టంగు టంగున చప్పుడు. పాత కారు, చప్పుళ్ళు ఉంటాయిలే.

మైపాడులో ఇసక దగ్గర ఆపాను. సముద్రం వైపు రెండు చేతులూ చాపి, వెనక్కి తిరక్కుండానే, "అన్నా! వచ్చేశాం!" అని గొంతు చించుకుని అరిచాను. తర్వాత తిరిగి చూశాను.

తాడు ఉంది. తాడు చివర బంపరు ఉంది. బంపరును పట్టుకుని పుట్టీ ముక్క ఒకటి ఉంది.

ఆ రోడ్డు మీద రొయ్యల లారీలు ఎట్లా వస్తాయో మీకు తెలుసు. ట్రాక్టరు అక్కడే వదిలేసి ఎవరిదో బైకు ఎక్కి వెనక్కి పోతుంటే, నోట్లో ప్రార్థన కూడా సగం సగమే వస్తోంది. వదిన పోయిన రోజు ఆమె చెయ్యి పట్టుకుని, అన్నను చూసుకుంటా అని మాటిచ్చింది నేనే.

వంతెన దిగువన రోడ్డు పక్క సరివి చెట్ల కింద ఇసకలో కారు ఆగి ఉంది. చుట్టూ నలుగురు చేరారు. అన్న సీటులోనే ఉన్నాడు. గీత కూడా పడలేదు. రెండు చేతులూ స్టీరింగు మీదే.

"అన్నా! ఏమైందన్నా?"

"ఏమైందా? వంతెన దిగతా ఉంటే తాడు వదులైంది. నువ్వు ఒక్క గుంజు గుంజినావు. బంపరు నీతో వచ్చేసింది, నేను రాలా. కారు దానంతటదే దిగతా ఉండాది. బ్రేకు తొక్కినా, లేదు. బ్రేకు లేకుంటే ఏం చేస్తాం, ఇసకలోకి తిప్పుతాం. రోడ్డు నల్లగా ఉండాది, ఇసక తెల్లగా ఉండాది. ఆ మాత్రం ఇంకా తెలస్తా ఉందిలే." కొంచెం సిగ్గుపడుతున్నట్టు అన్నాడు. "ఆ కాస్త దూరం మాత్రం నేనే నడిపినా రా. ఎవురూ లాగలా."

ఇంక నావల్ల కాలేదు. ఇసకలో కూలబడి, నలుగురూ చూస్తున్నారని కూడా లేకుండా ఏడ్చాను. నెల్లూరులో తాళం నీ చేతిదాకా వస్తే నేనే కదన్నా వద్దన్నది అన్నాను. అన్న డోరు మీదుగా చెయ్యి చాచి నా తల కోసం తడిమాడు. తల దొరకలేదు, చెవి దొరికింది. దాన్నే పట్టుకున్నాడు.

"ఏడుపు ఆపి ఒకటి చెప్పు. సముద్రం దాకా పోయినావా?"

"పోయినా అన్నా."

"యాడా వెనక్కి చూళ్ళా?"

"చూళ్ళేదన్నా."

"నా సర్వీసులో బస్సు కిక్కిరిసి ఉన్నా అద్దంలో చూసుకుంటానే పోయినా. ఒక్క ప్యాసింజర్ని దారిలో పోగొట్టుకోలా. నీకు ఉండింది ఒక్కడు గదరా!"

చుట్టూ ఉన్నవాళ్ళు గొల్లుమన్నారు. నేను వెనక్కి చూడనిది ట్రాక్టరుకు అద్దం లేక కాదు. నిక్షేపంగా ఉంది. ఆరోజు పొద్దున క్రాపు దువ్వుకుంటూ నా ముఖం బాగా కనబడేట్టు దాన్ని నావైపు తిప్పుకున్నా.