జవాబ్ అవ్వ చేసిన ఫోన్

ఆ రోజుల్లో నాకంటే తెలివైనవాడు అచ్చంపేటలో లేడని నా గట్టి నమ్మకం. బ్యాంకులో కొత్త గుమాస్తాను, మెడలో గుర్తింపు కార్డు (ఇంట్లో కూడా తీసేవాణ్ణి కాదు). పల్లెలు తిరిగి ఖాతాలు తెరిపించడం నా పని. ఫోన్ నంబరు గడి ఖాళీగా ఉంటే కంప్యూటరు ఒప్పుకోదు. ఉప్పునుంతల వైపు కూలీల్లో కొందరికి ఫోనే లేదు. నేనేం చేశాను? ఆ గడిలో నా నంబరే రాసేశాను. ఇక వాళ్ళకు డబ్బు పడినా, తీసినా సందేశం నాకే. అన్నానికి కూర్చుంటే టింగు, స్నానానికి పోతే టింగు. "ఏందిరా, ఊరందరి పైసలు నీకే వస్తున్నయా?" అని అమ్మ అడిగాక సందేశాల మోత ఆపేసి నిశ్చింతగా ఉన్నాను.

వాళ్ళలో ఒకామె జవాబ్ అవ్వ. జవాబు చెప్పేదాకా కౌంటరు వదలదని మేం పెట్టిన పేరు. తర్వాత చిన్న ఫోన్ కొనుక్కుని నంబరు నాకిచ్చింది. "ఎక్కిస్తా అవ్వా" అన్నాను, మరిచిపోయాను. ఒకరోజు ఆమె నేరుగా మేనేజరు సారు ముందు నిలబడింది.

"ఉపాధి కూలి పడ్డదా అని అడగనీకి నాలుగుసార్లొస్తి సారూ. వచ్చినప్పుడల్లా ఆ దినం కూలి పాయె. పైసలు పడితె ఫోన్ల చెప్తమని మీరే అంటిరి. నాకెందుకు చెప్తలేరు? జవాబ్ గావాలె."

"మీ ఊర్ల సిగ్నల్ ఉండదవ్వా," అని నేను మధ్యలో దూరాను. సారు నన్ను పట్టించుకోకుండా కంప్యూటరు చూశారు. "కూలి వారం కిందే పడ్డదవ్వా. కబురు గూడ పోయింది."

"ఏ నంబరుకు పోయిందో చెప్పుండ్రి."

అవ్వకు అక్షరాలు రావు గానీ అంకెలు వచ్చు. సారు ఒక్కో అంకె చదువుతుంటే ఆమె ఒక్కో మీట నొక్కింది. నా జేబులో పెళ్ళి బ్యాండు మోగింది (ఎంతో ముచ్చటపడి పెట్టుకున్న మోత అది). హాలంతా నా వైపు తిరిగింది.

"ఓహో! నా కబుర్లన్నీ నీ జేబుల్నే ఉన్నయా బిడ్డా?"

"ఖాతాదారుకు తెలియజేయడం మన బాధ్యతయ్యా, దయ కాదు," అంటూ సారు పైఆఫీసుకు రాయడానికి కాగితం తీశారు. నా ఉద్యోగం ఊడిందనుకున్నాను. చెయ్యి అడ్డం పెట్టింది అవ్వే.

"వద్దు సారూ, పిల్లగాని బువ్వ తియ్యకుండ్రి. నాయి నాలుగు దినాలు పాయె. ఈయనవి నాలుగు ఆదివారాలు పోనీ. మా దిక్కొచ్చి అందరి నంబర్లు సక్కగ జెయ్యనీ."

అంత న్యాయమైన తీర్పు నేనింతవరకు వినలేదు. నాలుగు ఆదివారాలూ ఆమె ముందు నడిచి తలుపులు తట్టింది, నేను వెనక ఫారాలు మోశాను. ఫోన్ లేనివాళ్ళకు, వాళ్ళు నమ్మినవాళ్ళ నంబరు వాళ్ళనే అడిగి రాయించింది. బ్యాంకు పని నాకు నేర్పింది ఆమే.

ఇప్పుడు నేనూ మేనేజరునే. కొత్త ఖాతా మీద సంతకం చేసేముందు అందులో రాసిన నంబరుకు ఒకసారి ఫోన్ చేస్తాను. ఎదురుగా కూర్చున్నవాళ్ళ ఫోన్ మోగుతుంది. అది మోగేలోపు మాత్రం, ఇన్నేళ్ళయినా, నా చెయ్యి నా జేబునే తడుముకుంటుంది.