నలుగురికీ ఒకే మాత్ర

నా చిన్నప్పుడు మా ఇంట్లో అబద్ధాలు తక్కువే. ఉన్న ఒక్కటీ మాత్రం బాగా పెద్దది. నాకు ఏడేళ్ళప్పుడు మా నాయన నిద్రపోవడం మానేశాడు. గోడకు చెవి ఆనించి, లోపల ఎవరో పిలుస్తున్నారనేవాడు. బెంగళూరు ఆసుపత్రిలో రెండు నెలలు ఉంచి, మళ్ళీ మనిషిని చేసి తెచ్చుకున్నాం. పెనుకొండలో మా వీధికి మాత్రం రాయచూరు పక్క బోర్లు వేస్తున్నాడని చెప్పాం. నేను ఇంకో మెట్టెక్కి, నలభై బోర్లు వేస్తే నలభైలోనూ నీళ్ళు పడ్డాయన్నాను. మా జిల్లాలో ఆ మాట నమ్మారంటే అది వాళ్ళ మంచితనం.

మూడేళ్ళ తర్వాత ధర్మవరం బోరుబండి ఓనరు ఒకాయన టాంజానియాలో ఆరు నెలల పని పట్టాడు. నలుగురు మనుషులు కావాలి. ఎండిన బోర్లు వేయించి వేయించి మా పక్క రైతుల చేతుల్లో ఏమీ మిగలక, కొత్త బోర్లు ఆగిపోయిన రోజులవి. బోరు పని చేసే నాయనకు అందులో చోటు దొరికిందంటే ఇంటిల్లిపాదీ ఊపిరి పీల్చుకున్నాం. అక్కడ మలేరియా ఎక్కువ కాబట్టి, ముందే మందు రాయించుకోవాలని ఓనరు అందరినీ హిందూపురంలో ఒక డాక్టరు దగ్గరికి రమ్మన్నాడు. నాయన తల్లి, మా అవ్వ, తన కాలి నొప్పి కూడా చూపించుకుంటానని బయలుదేరింది. ఆమెకు తోడు మనవరాలిని నేను.

డాక్టరు అందరినీ ఒకేసారి లోపలికి పిలిచాడు. పిలవకపోయినా ఓనరూ వచ్చి కుర్చీ లాక్కున్నాడు. మాత్రలు రెండు రకాలట. ఒకటి వారానికొకటి. ఇంకోటి రోజూ వేసుకోవాలి, దాంతో ఎండకు ఒళ్ళు త్వరగా కమిలిపోవచ్చు. ఏది వేసుకున్నా తిరిగొచ్చాక నాలుగు వారాలు కొనసాగించాలి. మాత్ర ఉంది కదా అని దోమతెర మానకూడదు. నలుగురూ వారం మాత్రకే మొగ్గారు.

"శుక్రవారం నమాజుకు పోయేముందు నోట్లో ఏసుకుంటే సరిపాయె సార్. రోజూ అంటే యాడ? మాకు అన్నం తినేదే గుర్తుండదు," అన్నాడు బండి డ్రైవరు. ఆయన పొట్ట చూస్తే ఆ మాట నమ్మబుద్ధి కాలేదు.

డాక్టరు నాలుగు చీటీలూ రాసి, పెన్ను కింద పెట్టాడు. ఈ వారం మాత్ర కొందరికి పీడకలలు, లేనిపోని భయాలు తెస్తుందని, ఇంతకుముందు మనసు జబ్బు ఉన్నవాళ్ళకు ఇవ్వకూడదని చెప్పి, మీలో ఎవరికైనా ఉండిందా అని అడిగాడు.

"పిచ్చోళ్ళను నేనేల తీసకపోతా సార్?" ఓనరు నవ్వాడు.

ఒక్కొక్కరూ లేదన్నారు. నాయన వంతు వచ్చింది. ఆయన నా వైపు గానీ అవ్వ వైపు గానీ చూడలేదు.

"ఏమీ లేదు సార్."

నేను నోరు మెదపలేదు. పైగా మెదపనందుకు లోలోపల నన్ను నేను మెచ్చుకున్నాను.

అందరూ లేస్తుంటే అవ్వ మాత్రం కదల్లేదు. "ఆడమనిషి కాలు చూపిచ్చల్ల. మొగోళ్ళు బయట కూసోండప్పా," అని ఓనరును కూడా సాగనంపింది. తలుపు మూశాక ఆమె కాలు చూపించలేదు.

"వానికి ఉండె సార్. రెండు నెల్లు బెంగుళూరులో పెట్టుకోనుంటిమి. ఇప్పుడు బాగుండాడు, మందులు కూడా లేవు. ఓనరుకు తెలిస్తే పని పాయె. మీకు తెలీకుంటే నా కొడుకే పాయె. ఏం చేస్తారో మీరే చేయండి."

కొంగు అంచును రెండు వేళ్ళతో నలుపుతూనే ఉంది. ఏడుస్తుందేమోనని చూశాను. ఏడవలేదు. ఏడవకపోవడం చూసే నాకు భయమేసింది.

డాక్టరు అందరినీ మళ్ళీ పిలిచి, చీటీలు నాలుగూ చించేశాడు. నలుగురికీ రోజు మాత్రే అన్నాడు.

"ఇదేంది సార్, ఇప్పుడే గదా వారం మాత్ర అంటిరి?" అన్నాడు ఓనరు.

ఒకే గుడారంలో పడుకునేవాళ్ళు ఒకే పూట ఒకే మాత్ర వేసుకుంటే, ఒకరు మరిచినా ఇంకొకరు గుర్తు చేస్తారన్నాడు డాక్టరు. అందులో అబద్ధమేమీ లేదు. మరి ఎండకు కమిలిపోతారే అని ఓనరు సందేహపడితే, డ్రైవరు తన చేతులు ముందుకు చాపాడు. "ఇంకేముండాది సార్ కమిలేకి?"

అందరూ నవ్వారు, నాయన తప్ప.

తిరుగు బస్సులో సోమందేపల్లి దాటాక నాయన అవ్వ వైపు వంగాడు.

"చెప్పినావా?"

"కాలు నొప్పని చెప్పినా," అంది అవ్వ.

"అంతసేపా?"

"ముసిలి కాలురా. దానికి కతలు శానా ఉంటాయి."

నాయన కిటికీ వైపు తిరిగాడు. పెనుకొండ వచ్చేదాకా ఆ మొహం ఇటు తిరగలేదు. ఆయనకు తెలిసిందో లేదో నాకు ఈనాటికీ తెలియదు. ప్రయాణం రోజున మాత్రం మాత్రల డబ్బా సంచిలో చేతికందేలా పైనే పెట్టుకున్నాడు. ఆరు నెలలకు ఇంకా నల్లబడి, జ్వరం లేకుండా, నిద్ర చెడకుండా తిరిగొచ్చాడు.

వారం మాత్ర వేసుకుని ఉంటే ఏమయ్యేదో ఎవరికీ తెలియదు. బహుశా ఏమీ అయ్యేది కాదు. కానీ ఆ 'బహుశా' మీద కొడుకును పెట్టి అంత దూరం పంపే ధైర్యం అవ్వకు లేదు. నాకు ఉండింది, పదేళ్ళకే.

అందుకే ఇప్పటికీ ఏ డాక్టరైనా ఇంతకుముందేమైనా ఉందా అని అడిగితే, పక్కనున్నవాళ్ళను బయట కూర్చోమంటాను. మొదటిసారి మా ఆయన హడలిపోయాడు. లోపల నేను చెప్పేది చాలాసార్లు కడుపుబ్బరం గురించే. దాంతో పాటు, మా నాయనకు ఒకప్పుడు మనసు చెదిరిందని కూడా చెబుతాను, గొంతు తగ్గించకుండా. ఆ రోజు "ఏమీ లేదు" అన్న మాట విని, నోరు మూసుకుని గర్వపడిన ఆ పిల్ల మీద నాకింకా కోపం తగ్గలేదు.