ఏడో వెదురు గొట్టం

1996. చిక్కడపల్లిలో నా పశువుల క్లినిక్ తెరిచి ఆరేళ్లయింది. పొద్దున పెంపుడు కుక్కలు, సాయంత్రం ముషీరాబాద్ పాలవాళ్ల బర్రెలు. అడవి జంతువును చేత్తో ముట్టుకున్నది లేదు. ఆ కోరికతోనే క్లినిక్‌కు మూడు నెలలు తాళం వేసి, గల్ఫ్‌లో ఒక జూకు వాలంటీరుగా వెళ్లాను. జీతం లేదు. ఉండటానికి గది, రెండు పూటలా భోజనం.

పులికి సూది వేస్తానని కలలు కన్నవాడి చేతికి చీపురు ఇచ్చారు. పొద్దున ఆరింటికి జంతువుల గదులు కడగడం, తర్వాత పళ్లు తరగడం, మళ్లీ కడగడం. చింపాంజీలను చూసుకునే కీపరు యాదగిరి ముషీరాబాద్ మనిషే. ఊళ్లో ఎన్నడూ ఎదురుపడని వాణ్ని సముద్రం దాటి పరిచయం చేసుకున్నాను. "గింత చదువు చదివి పెంట ఎత్తవడితివా డాక్టర్ సాబ్?" అని మొదటి రోజే ఎగతాళి చేశాడు.

అతని ప్రాణమంతా ఒక ముసలి ఆడ చింపాంజీ మీద. రాణి అని పిలిచేవాడు. ఎక్కడో సర్కసులో దెబ్బలు తిని వచ్చిందట, మనిషి అలికిడైతే చాలు మూలకు పోయేది. యాదగిరి పిలిస్తే మాత్రం వచ్చి, వీపు గోకమని ఇనుప జాలీకి ఆనుకుని కూర్చునేది.

అక్కడ ఎన్‌రిచ్‌మెంట్ అని ఒక పద్ధతి. తిండి పళ్లెంలో పెట్టరు. వెదురు గొట్టాల్లో పల్లీలు, ఖర్జూరాలు కూరి గదిలో అక్కడక్కడా దాస్తారు. జంతువు వెతుక్కుని, పుల్లతో లాగి తినాలి. ఊరికే కూర్చోబెడితే దానికి పిచ్చెక్కుతుంది. రాణికి రోజుకు ఆరు గొట్టాలు. నేను పొద్దున పెట్టి రిజిస్టర్లో రాయాలి, యాదగిరి సాయంత్రం వాటిని తీసేయాలి.

నేను ఏడు పెట్టేవాణ్ని. చిక్కడపల్లి మార్కెట్లో పాలకూర కొన్నా పిడికెడు కొసరు పడందే సంచి మూయం. తూచినట్టు పెట్టడం నాకు పిసినారితనంలా ఉండేది. అందుకని రోజూ ఒకటి కొసరు. కొసరును ఎవరైనా రాస్తారా? రిజిస్టర్లో ఆరే ఉండేవి. మర్నాడు గది కడిగేటప్పుడు ఏడోది చప్పుడు కాకుండా తీసేసేవాణ్ని.

రెండో నెలలో రాణి దవడ పంటికి చీము పట్టింది. ఒక మధ్యాహ్నం ముఖమంతా వాచింది. మర్నాడు పొద్దున్నే మత్తిచ్చి పన్ను తీయాలని జూ పెద్ద డాక్టరు నిర్ణయించారు. మత్తుకు ముందు కడుపు ఖాళీగా ఉండాలి. లేకపోతే తిన్నది వాంతై ఊపిరితిత్తుల్లోకి పోతుంది. దాన్ని ఆస్పిరేషన్ అంటాం. కుక్కపిల్ల ఆపరేషన్‌కైనా యజమానులకు నేను పదిసార్లు చెప్పే జాగ్రత్త అదే.

సాయంత్రం యాదగిరి వచ్చాడు. "ఆరుకు ఆరు తీసిన డాక్టర్ సాబ్. గది సాఫ్ అయింది," అంటూ రిజిస్టర్లో సంతకం చేశాడు.

నేను మర్నాటి ఆపరేషన్ పనిముట్లు ఉడకబెడుతున్నాను. ఏడోది గదిలో పైన, రాణి ఎక్కే తాళ్ల వల మడతలో ఉంది, కింది నుంచి కనబడదు. మాట నోటిదాకా వచ్చింది. చెబితే ఇన్నాళ్ల దొంగరాత బయటపడుతుంది, డాక్టరునై ఉండి పరువు పోతుంది. పొద్దుననగా పెట్టింది, ఈపాటికి తినేసే ఉంటుందని నాకు నేను సర్దిచెప్పుకున్నాను.

తినలేదు. నొప్పితో పగలంతా ముట్టలేదు, తెల్లారేసరికి ఆకలికి దొరకబుచ్చుకుంది. మత్తు సూదికి రాణిని యాదగిరే పిలిచాడు. వచ్చి జాలీకి వీపు ఆనించింది. తర్వాత అతన్ని బయటికి పంపారు. పది నిమిషాలకు వాంతి. నేను తల కిందికి వంచి పట్టుకున్నాను, పెద్ద డాక్టరు గొంతులో వేళ్లు పెట్టి తోడారు. పెదవులు నీలంగా మారాయి. గంటలో పోయింది. పోస్ట్‌మార్టంలో ఊపిరి గొట్టం నిండా నమిలిన పల్లీలు.

"ఆరూ తీసిన. సచ్చినా అబద్ధం చెప్ప," అని యాదగిరి కనిపించినవాడికల్లా చెబుతున్నాడు. ఆ మాట వినలేక ఆ మధ్యాహ్నమే ఒప్పుకున్నాను, కాగితం మీద రాసిచ్చాను. పెద్ద డాక్టరు చదివి పక్కన పెట్టారు. రిజిస్టరు చూసి కాదు, గది మూలమూలా చూసి సంతకం చేయాలన్నది రూలు. సంతకం యాదగిరిది. వారంలో అతని వీసా రద్దు చేసి ఇంటికి పంపేశారు. జీతంలేని వాణ్ని శిక్షించే రూలు వాళ్ల దగ్గర లేదు. నన్ను మర్యాదగా విమానం ఎక్కించారు.

ముషీరాబాద్‌లో అతని గడప తొక్కడానికి నాకు నెల పట్టింది. అతని భార్య కుర్చీ వేసి లోపలికి పోయింది.

"నీ నౌకరి నేను పోగొట్టిన అన్నా. ఎంతన్నా తిట్టు," అన్నాను.

"తిడితే వస్తదా? గా ముచ్చట వదిలెయ్. ఒక్కటి చెప్పు సాబ్. నన్ను బయటికి పంపినంక దానికి మెలకువ వచ్చిందా? నేను పిలిస్తెనే వచ్చింది గద. నేనే పిలిచి సంపిన అనుకున్నదా?"

మెలకువ వచ్చింది. ఊపిరాడక కళ్లు తెరిచి తలుపు వైపే చూసింది. ఆ తల నా చేతుల్లోనే ఉంది.

"లేదన్నా. నిద్రలనే పోయింది," అన్నాను.

అతను తల ఊపి, కళ్లు తుడుచుకున్నాడు. భార్యను కేకేసి నాకు చాయ్ పెట్టమన్నాడు. ఆ చాయ్ తాగడం నా వల్ల కాలేదు.

అప్పటినుంచి క్లినిక్‌లో ఒక పద్ధతి పెట్టుకున్నాను. ఆపరేషన్‌కు ముందు యజమానులను అడిగే తీరు మార్చాను. ముందు తిట్టనని మాటిస్తాను, తర్వాత ఏం తినిపించారని అడుగుతాను. తిడతారని భయపడ్డ మనిషి నిజం చెప్పడు. నేను చెప్పలేదు.