ముట్టుకోకూడని ట్యాంకు

ఓబులేసుది కళ్యాణదుర్గం పక్క పల్లె. అక్కడ అన్నం లేదంటే ఎవరూ తప్పుపట్టరు గానీ, గడప దగ్గరికొచ్చి అడిగినవాళ్ళకు నీళ్ళు లేవంటే ఆ ఇంటికి ఇక పరువుండదు. చదువుకుని ఇంజనీరయ్యాక, న్యూజిలాండ్ అంటే ఎటు చూసినా పచ్చదనమేనని భార్య నిరుపమను ఊరించి మరీ తీసుకొచ్చాడు మహానుభావుడు. తీరా ఉద్యోగం దొరికింది ఆలెగ్జాండ్రాలో. ఆ దేశంలో వాన మొహం చాటేసే చోటు ఏదైనా ఉందంటే అదే. కరువు మనల్ని వెతుక్కుంటూ విమానమెక్కిందని నిరుపమ నవ్వేది.

ఊరి బయట కొండవార ఇల్లు. కప్పు మీద పడే వానే ఆధారం. పెరట్లో రెండు ట్యాంకులు. ఒకటి ఇంటి వాడకానికి. రెండోది కొండ అంటుకుంటే ఫైరింజను వాళ్ళు గొట్టం తగిలించుకోడానికి. పక్కింటి మొరీన్‌కూ వీళ్ళకూ కలిపి అదొక్కటే. దాన్ని ఎప్పుడూ నిండుగా ఉంచాలి, ఇంకెందుకూ వాడకూడదు. ఇల్లు కట్టుకున్నప్పుడే కౌన్సిల్ వాళ్ళు చెప్పిన రూలది.

ఆ ఏడు ఎండలు మండిపోయాయి. మొరీన్ బోరు ఎండిపోయింది. ముసలావిడ, ఒంటరి. పోయిన భర్త నాటిన ఆప్రికాట్ చెట్లే ఆవిడ లోకం. ఒక సాయంత్రం కంచె దగ్గర నిలబడి, చెట్లకు కాసిని నీళ్ళిస్తావా ఓబీ అని మొహమాటంగా అడిగింది. ఓబులేసు అప్పటికప్పుడే పైపు లాగాడు. రోజూ పెడుతూ పోతే వాడకం ట్యాంకు అడుగంటింది. ఆవిడకు ఆ సంగతి చెప్పలేదు. మాకు బోలెడున్నాయన్నాడు. రెండో ట్యాంకు వాల్వు తిప్పాడు.

నిరుపమ పరుగున వచ్చింది. "దాన్ని ముట్టుకోవద్దన్నారు కదా?"

"అడిగినోళ్ళకు నీళ్ళు లేవని ఎట్ల చెప్పేది? వానొస్తే నిండుతుందిలే."

వాన రాలేదు. మంట వచ్చింది. ఒక మధ్యాహ్నం గాలికి ఎండు గడ్డి అంటుకుని, కొండ దిగి మొరీన్ ఇంటి మీదికే వచ్చింది. అదృష్టం బాగుండి ఆవిడ బజారుకు వెళ్ళింది. ఫైరింజను వాళ్ళు ట్యాంకుకు గొట్టం తగిలించారు. కాసేపు నీళ్ళొచ్చాయి, తర్వాత గొట్టంలోంచి ఉత్త గాలే వచ్చింది. ఏటి దగ్గర నింపుకుని వచ్చేసరికి ఇల్లు కూలిపోయింది. తడి నేలలో ఉన్న చెట్లు మాత్రం బతికాయి.

ట్యాంకు ఎందుకు ఖాళీ అయిందో ఊరే తేల్చేసింది. నిరుపమ పెరట్లో గోంగూర, మల్లె నవనవలాడుతున్నాయి కదా మరి. పాపం, బియ్యం కడిగిన నీళ్ళతో పెంచుకున్న మొక్కలవి. ఓబులేసు ఆ నింద తన మీదే వేసుకున్నాడు.

క్రైస్ట్‌చర్చ్‌లోని కూతురి దగ్గరికి వెళ్ళిపోయే రోజున మొరీన్ వచ్చింది. లోపలికి రమ్మంటే రాలేదు.

"నీ వాడకం నీళ్ళు నా చెట్లకిచ్చావు. ఆ మేలు మరచిపోను. కానీ ఆ ట్యాంకుని నీ తోటకి వాడుకున్నావు. మేం పెళ్ళయిన కొత్తలో కట్టుకున్న ఇల్లది, ఓబీ. నిన్ను క్షమించడం నావల్ల కావడం లేదు."

నిరుపమ ముందుకు కదిలింది. ఓబులేసు ఆమె చెయ్యి గట్టిగా పట్టుకుని ఆపాడు. తప్పయిపోయిందని మొరీన్‌తో అన్నాడు, తలవంచుకుని.

కారు మలుపు తిరిగాక నిరుపమ భోరుమంది. "ఆమె చెట్లకే పోయినాయని చెప్తే ఏం పోయేది నీకు?"

"నాకేం పోయేది లేదు. తానడగబట్టే తన ఇల్లు కాలిందని తెలిస్తే, ఈ వయసులో ఆ యమ్మ ఎట్ల తట్టుకుంటుందే?"

మొరీన్ మళ్ళీ రాలేదు, ఫోనూ చెయ్యలేదు. క్రిస్మస్‌కు వీధిలో అందరికీ కార్డులు పంపింది, ఓబులేసుకు తప్ప.