డెస్ మొయినిహాన్ పసుపు గీత

మా చెల్లెలు నోలీన్ మొగుడు డెస్ మొయినిహాన్ అంత జాగ్రత్త మనిషి న్యూజిలాండులోని మా హొకిటికాలో ఇంకొకడు లేడు. పాల ట్యాంకరు, వెనకాల దానికో ట్రెయిలరు, పాతికేళ్ళు నడిపాడు. ఒక్క ఆవుకి గీత పడలేదు. రొట్టె మీద మార్మైట్ పూత కూడా అంచులు దాటకుండా రాస్తాడు. అలాంటివాడు కంప్యూటరు ముందు కూర్చుంటే చేతిలో ఏమీ లేకుండానే ఉన్నదంతా బల్ల మీదికి తోసేస్తాడని ఎవరైనా చెబితే నేను నమ్మేదాన్ని కాదు. చెప్పింది స్వయానా డెస్.

అప్పట్లో డెస్‌ది రాత్రి బండి. పొద్దున్న ఆరింటికి ఇంటికొచ్చి, టీ పెట్టుకుని, ఏడు నుంచి పది దాకా పోకర్ ఆడేవాడు. మనకి పొద్దునయితే యూరప్‌లో వాళ్ళు భోజనాలు చేసి అప్పుడే ఆటకి దిగుతారట. తెర మీద ఒకేసారి నాలుగు బల్లలు. అవతల ఉన్నది ఫిన్లాండు వాడో పోర్చుగల్ వాడో ఎవరికీ తెలియదు. ఒకరోజు వైట్‌బెయిట్ చేపపిల్లల అట్లు ఇద్దామని వెళ్ళి, పక్కన కూర్చోబెడితే కూర్చున్నాను. అదే నేను చేసిన తప్పు.

"చూడు వదినా, నా చేతిలో ఆఠీను ఎనిమిది, తొమ్మిది. బల్ల మీద ఆఠీను ఏడు, ఆఠీను రెండు, కళావరు పది. ఇప్పుడు నా దగ్గరేముంది?"

"ఏముంది?"

"ఏమీ లేదు."

"మరెందుకయ్యా అంత మురిసిపోతున్నావు?"

"ఇంకొక్క ఆఠీను పడితే ఐదూ ఆఠీన్లే. ఆరో, జాకీయో పడితే ఐదూ వరస. కనపడని నలభై ఏడు ముక్కల్లో పదిహేను నావి. ఇంకా రెండు ముక్కలు తెరుస్తారు. వాడి దగ్గర జత ఉన్నా సరే, వాడి కంటే నేనే ముందున్నాను."

అంటూనే తన దగ్గరున్న డబ్బు మొత్తం తోసేశాడు.

"ఏమీ లేదన్నావు కదా!"

"అందుకే తోశాను. వాడు భయపడి ముక్కలు పడేస్తే ఇప్పుడే గెలిచా. పడేయకపోతే నాకు ముక్క రావచ్చు. గెలవడానికి రెండు దారులు వదినా. ఊరికే వాడు పెట్టినంత పెడుతూ కూర్చుంటే ఒక్కటే దారి."

అవతలవాడు భయపడలేదు. రాజు పడింది, మూడు పడింది, రెండూ నల్లవే. డబ్బంతా అటు జరిగిపోయింది. నేను నోటి మీద చెయ్యి వేసుకున్నాను. డెస్ మాత్రం అట్టు తుంచి నోట్లో పెట్టుకుంటూ, "బాగా ఆడాను," అన్నాడు.

"పోయింది కదయ్యా!"

"పోయింది. కానీ బాగా ఆడాను."

అర్థమైనట్టు తలూపి ఇంటికొచ్చేశాను. దారంతా ఆలోచించాను. ఆ లెక్కలో తప్పెక్కడుందో నాకు దొరకలేదు. అది నన్ను ఇంకా విసిగించింది.

మార్చిలో అసలు గొడవ వచ్చింది. పాల ఫ్యాక్టరీలో బళ్ళు చూసే మర్వ్, రాత్రి బండి తీసేస్తున్నామన్నాడు. ఇక తెల్లవారుజామున నాలుగింటికి బండెక్కితే దిగేది మధ్యాహ్నానికే. అంటే డెస్ పొద్దుట ఆట పోయినట్టే. ఒప్పుకుంటాడో లేదో శుక్రవారంలోగా చెప్పాలి. లేదంటే ఆ పని ఇంకొకరికి వెళ్ళిపోతుంది.

ఆదివారం నోలీన్ నన్ను పిలిపించింది. తీర్పు చెప్పడానికి కాబోలు. బల్లకి అటు తను, ఇటు డెస్, మధ్యలో నేను.

"ఆట మానెయ్యమనను," అంది నోలీన్. "అందులో నిజంగా ఏముందో చూపించు. ఉంటే ట్యాంకరు మానెయ్. నేను నోరెత్తను. మాట."

డెస్ కంప్యూటరు తెరిచాడు. ఆడిన ప్రతి ఆటనీ లెక్కగట్టి బొమ్మ గీసే ప్రోగ్రాము ఒకటుంది. రెండు గీతలు. పసుపు గీత ఎంచక్కా కొండెక్కుతోంది. దాని కింద ఎర్ర గీత కొంతదూరం నేల మీద నడిచి, ఈమధ్యే గుంటలోకి దిగింది. డెస్ వేలు పసుపు దాని మీదే తిరుగుతోంది.

"ఈ పసుపుది ఏంటి?" అంది నోలీన్.

"లెక్క ప్రకారం రావలసింది."

"ఎర్రది?"

"వచ్చింది."

"ఎన్నాళ్ళనుంచి ఇలా?"

"ఇరవై నెలలు. అది పెద్ద లెక్కలోకే రాదు నోలీన్. మంచి లెక్కతోనే తోశాను, ముక్కలు రాలేదంతే. ఇంకో లక్ష ఆటలు ఆడితే రెండు గీతలూ కలుస్తాయి."

"పైన కలుస్తాయా, కిందా?"

డెస్ పసుపు గీతని ఇంకాస్త పెద్దది చేసి చూపించాడు. తర్వాత, "ఈ ఆట ఆడే మా గుంపులో ఎవర్నైనా అడుగు. అందరూ పసుపు గీతే చూసుకుంటారు," అన్నాడు.

"వాళ్ళ ఎర్ర గీతలు ఎలా ఉన్నాయి?"

"అది ఎవరూ అడగరు. మర్యాద కాదు."

నాకు నవ్వొచ్చింది, ఆపుకున్నాను. నోలీన్ నవ్వలేదు. కప్పులు తీసుకెళ్ళి కడగడం మొదలుపెట్టింది. మా నాన్న బొగ్గు లారీ నడిపేవాడు. ఆయన కూతుళ్ళం, మాకు అరవడం బాగా వచ్చు. తను అరవకపోయేసరికి నాకు కంగారు పుట్టింది.

డెస్ గేటు దాకా వచ్చి మెల్లగా అడిగాడు. "ఏమీ అనలేదంటే ఒప్పుకున్నట్టే కదా వదినా?"

"మీ ఆవిణ్ణి అడుగు," అన్నాను. అడగలేదు.

గురువారం మళ్ళీ మా ఇంటికొచ్చాడు, మొహం వెలిగిపోతోంది. "రేపు మర్వ్ దగ్గరికెళ్ళి చెబుతా. రాత్రి బండి ఉంచుతావా, తాళాలు తీసుకుంటావా అని. ఈ తీరంలో ట్రెయిలరు లాగే డ్రైవరు ఎక్కడ దొరుకుతాడు? భయపడి ఉంచాడా, రాత్రి బండి నాదే. ఉంచలేదా, నోలీన్ మాటిచ్చింది, హాయిగా ఆడుకుంటాను. ఎటు తిరిగినా గెలుపే."

"మర్వ్ నీ ఫిన్లాండు వాడు కాదు డెస్. ఎదురుగా కూర్చుని నీ మొహం చూస్తాడు."

"చూడనీ. నా మొహంలో ఏముంది?"

నిజమే, ఏమీ లేదు. ఆపవలసింది, ఆపలేదు. అది ఇప్పటికీ గుచ్చుకుంటుంది.

శుక్రవారం పదింటికి వచ్చి మా వంటింట్లో కూలబడ్డాడు. "సరేలే డెస్, నీ ఇష్టం, అన్నాడు వదినా. చెయ్యి కలిపాడు. తాళాలు తీసుకున్నాడు."

"అంతేనా?"

"మనిషి దొరికాడా అనడిగాను. సోమవారమే పేరిచ్చింది అన్నాడు."

"ఇచ్చిందా? ఎవరు?"

"నోలీన్."

మా చెల్లెలికి ఇరవై రెండేళ్ళకే ట్రెయిలరు లైసెన్సు వచ్చింది. మా నాన్న దగ్గరుండి ఇప్పించాడు. ఇన్నేళ్ళూ స్కూలు బస్సు నడుపుతోంది కాబట్టి ఆ సంగతి అందరం మరిచాం, డెస్‌తో సహా. ఆ సాయంత్రం వెళ్ళి నోలీన్‌ని దులిపేశాను.

"ముందే చెప్పి చావొచ్చుగా! వాడు పనొదులుకునే దాకా ఊరుకుంటావా?"

"డెస్ ఒప్పుకుంటే నా కాగితం చించెయ్యమన్నాను మర్వ్‌తో," అంది నోలీన్, బూట్లకి నూనె రాస్తూ. "నేను చెబితే నాకోసం ఒప్పుకునేవాడు. తనకి ఏది కావాలో నాకెలా తెలుస్తుంది అక్కా?"

ఎవరిది తప్పు? అక్కడ నిలబడి నేను తేల్చుకోలేకపోయాను. ఇద్దరి మీదా కోపమొచ్చింది, ఇద్దరి మీదా జాలేసింది.

ఇప్పుడు నోలీన్ మూడున్నరకే లేచి వెళ్తుంది. పొద్దులన్నీ డెస్‌వే. కావాలనుకున్నది దొరికింది కదా, సుఖంగా ఉండాలి మరి. మొన్న ఎనిమిదింటికి వెళ్ళి పక్కన కూర్చున్నాను. చేతిలో ఇస్పేటు రాజు, రాణి. బల్ల మీద ఇస్పేటు జాకీ, ఇస్పేటు నాలుగు, డైమండు పది. నాకు కూడా లెక్క వచ్చేసింది. ఇస్పేటు పడినా గెలుపే, ఆసో తొమ్మిదో పడినా గెలుపే.

"తోసెయ్యి," అన్నాను.

తెర మీద గడియారం తిరుగుతోంది. డెస్ చూస్తూ చూస్తూ ముక్కలు పడేశాడు.

"అదేంటయ్యా! ఇలాంటిదాంతోనే కదా తోయాలన్నావు?"

"పోయిన నెల నా డబ్బు అయిపోయింది వదినా. అడక్కుండానే నోలీన్ తన జీతంలోంచి వేసింది." కళ్ళు నులుముకున్నాడు. "లెక్క అదే. పదిహేను ముక్కలు అవే. చెయ్యి మాత్రం కదలట్లేదు. ఇన్నాళ్ళూ నాకు ఆట తెలుసు కాబట్టి తోశానా, నా డబ్బు కాబట్టి తోశానా? ఇప్పుడు పడేయడం బుద్ధా, పిరికితనమా? నాకు తెలియట్లేదు."

ఇన్నాళ్ళుగా ఈ మనిషిని తిట్టడానికి మాటలు దాచుకున్నాను. వాటిని వదిలేసి ఇదొక్కటే అడిగాను.

"నోలీన్‌ని అడగకపోయావా, ఆడనా మాననా అని?"

"అడిగాను. రోజూ అడుగుతున్నాను." తెర మీద కొత్త ముక్కలు పడ్డాయి, చూడలేదు. "నోరెత్తనని మాటిచ్చాను కదా, అంటుంది."