అమ్మ అడగమన్న లైటు ప్రశ్న

ఈ స్టేటస్ అమ్మకి కనిపించకుండా పెడుతున్నాను.

గురువారం అమ్మకి గాల్‌బ్లాడర్ ఆపరేషన్. పొట్ట పెద్దగా కోయకుండా, చిన్న రంధ్రాల్లోంచి కెమెరా, లైటు పంపి చేస్తారు. ఈ రోజు దాని గురించే డాక్టర్‌తో టెర్మిన్, అంటే అపాయింట్‌మెంట్. అమ్మకి జర్మన్ రాదు, అందుకని నేనే మాట్లాడాలి.

డాక్టర్ బొమ్మ చూపించి అంతా చెప్పాక, అమ్మ అందులోని లైటు మీద వేలు పెట్టింది. "గంత లైటు లోపల పెడ్తే పేగులు కాలయా బిడ్డా? అడుగు."

నాకు సిగ్గేసింది. డాక్టర్ నవ్వుతాడేమోనని అది అడక్కుండా, గురువారం ఎన్నింటికి రావాలో జర్మన్‌లో అడిగి, "ఏం కాదంట మమ్మీ," అనేశాను.

ఆయన నా వైపు చూశారు. "అమ్మ ఏదో అడిగారు. జవాబు నువ్వే చెప్పేశావా?" అన్నారు జర్మన్‌లో.

అమ్మ ప్రశ్న చెప్పక తప్పలేదు. ఆయన నవ్వలేదు. మంచి ప్రశ్న అన్నారు. లైటు పెట్టె బయటే ఉంటుందట, వెలుగు మాత్రం కేబుల్‌లోంచి లోపలికి వెళ్తుందట. అయినా కొస వేడెక్కుతుంది, లైటు ఆపకుండా పేషెంట్ మీద కప్పిన గుడ్డపై పెడితే గుడ్డ కూడా కాలుతుంది. అందుకే లోపల దేనికీ తగలనివ్వరట, బయటికి తీయగానే ఆపేస్తారట.

అంతా అమ్మకి చెప్పాను, నా అబద్ధం తప్ప.

తిరిగొస్తూ ఊబాన్ మెట్రో రైల్లో అమ్మ నా చెయ్యి పట్టుకుంది. "నా కోసం రెండుసార్లు అడిగినవ్ గద బిడ్డా. ఇప్పుడు భయం పోయింది."

ఇప్పుడు నాకు వేరే భయం పట్టుకుంది. ఇన్నేళ్లలో అమ్మ అడగమన్నవి ఇంకెన్ని మింగేశానో. మీరూ ఇలా చేశారా? చేస్తే, ఇంట్లో ఎలా చెప్పారు?